కూర్చుని పరుగెత్తినవాడు

"మోసం! లోపల మోటారు పెట్టాడు!" ముఖం మీది చెమట తుడుచుకుంటూ ఫీఫీ అరిచాడు.

తకోరాడి పట్నంలోని పాలిటెక్నిక్ హాల్లో పోటీ. పాత వీడియో గేమ్‌లోని వంద మీటర్ల పరుగును మీటలు నొక్కకుండా, ఒంటి కదలికతోనే నడిపించాలి. ఆడే సాధనం ఎవరికి వారు ఇంట్లో చేసుకురావాలి. ఫీఫీ సైకిలు పెడళ్లకు తీగలు కట్టి తెచ్చాడు. ఒకామె ఫుఫు ముద్ద కోసం దుంపలు దంచే రోకలికే తీగలు బిగించుకొచ్చింది.

ఫోన్లు బాగుచేసే కోబినా మాత్రం కుర్చీలో కూర్చుని, తీగలు కట్టిన చేతొడుగు వేసుకున్న కుడి చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. చేతొడుగు గడగడా అదిరింది. తెర మీది మనిషి తొమ్మిది సెకన్లలో గీత దాటేశాడు.

"మేం చెమటలు కక్కి చస్తుంటే, ఈ కోబినా మామ కడుపునిండా తిన్నవాడిలా కూర్చుని గెలిచేశాడు!" అన్నాడు ఫీఫీ. జనం గొల్లుమన్నారు.

న్యాయనిర్ణేతగా వచ్చిన పంతులమ్మ దగ్గరికొచ్చింది. "చెయ్యి పైకెత్తు మామా."

ఎత్తాడు. అదురు ఆగింది. తెర మీద మనిషీ ఆగాడు.

"మళ్లీ ఒళ్లో పెట్టు."

పెట్టాడు. మనిషి మళ్లీ పరుగందుకున్నాడు.

"చూశారా! స్విచ్చి తొడ కింద ఉంది!" ఫీఫీ ఎగిరి గంతేశాడు.

"ఆ చేతొడుగు ఒక్కసారి విప్పు మామా," అంది పంతులమ్మ మెల్లగా. "లోపల మోటారు లేకపోతే కప్పు నీదే."

బల్ల మీద మెరుస్తున్న కప్పు వైపు కోబినా చూశాడు. ఎవరింట్లోని వస్తువునో చూసినట్టు చూశాడు. ముందు వరుసల్లో సగం మంది అతని దుకాణానికి వచ్చేవాళ్లే.

"మోటారు ఉంది," అన్నాడు. "నేనే పెట్టాను."

ఈలలు పడ్డాయి. పంతులమ్మ అతని పేరు కొట్టేసింది. కోబినాకు కోపం రాలేదు, సిగ్గూ వేయలేదు. తీగలు చుట్టుకుని, కుడి చేతిని చంకలో ఇరికించుకుని బయటికి నడిచాడు.

గేటు దాటాక అరాబా పరుగున వచ్చి పట్టుకుంది. అతని పక్క దుకాణంలో బట్టలు కుట్టే మనిషి.

"అన్నా, ఆ చేతొడుగు కుట్టింది నేను. అందులో గుండీ పట్టే చోటు కూడా లేదు. మోటారెక్కడ దూర్చావు?"

అతను చంకలోని చేతిని ఇంకా గట్టిగా బిగించాడు.

"చెయ్యని తప్పు ఎందుకు నెత్తినేసుకున్నావు? రేపట్నుంచి ఊరంతా దొంగ అంటుంది!"

"అననీ. దొంగ అన్నా ఫోన్లు తెచ్చిస్తారు. చేతి మీద నమ్మకం పోతేనే తేరు."

"అదేం మాటన్నా?"

కోబినా గోడవారగా కూలబడ్డాడు. తీగలు ఊడదీసి, చేతొడుగు లాగేసి ఆమె చేతిలో పెట్టాడు.

ఒళ్లో అతని ఉత్త చెయ్యి గడగడా అదురుతూ ఇంకా పరుగెడుతూనే ఉంది.