ఎర్ర తీగ

ఆ రోజు ఇంట్లో నాన్న, బాబాయి, నేను ఉన్నాం. పెరటి షెడ్డులో కుండలు కాల్చే కరెంటు బట్టీకి బాబాయి వేడి కొలిచే కొత్త థర్మోకపుల్ తీగ బిగించాడు. ఎర్రది మీటరు ప్లస్‌కి కలిపాడు.

“ఈ తీగలో ఎర్రది మైనస్, బాబాయ్. తిరగేస్తే వేడెక్కేకొద్దీ మీటర్లో అంకె తగ్గుతుంది,” అన్నాను.

“అబ్బో, ఇంజనీరమ్మగారు! వెళ్లి పడుకోండి తమరు.”

నాకది నేర్పింది నాన్నే. అయినా తమ్ముడి మాటకే తలూపాడు. టార్చి తీసుకుని, లోపల పగిలిన ఇటుకలు మార్చడానికి బట్టీలోకి దూరాడు.

చీకటి పడ్డాక మీటరు ఇరవై ఎనిమిది నుంచి పదికి దిగింది.

“చూశావా, చల్లారుతోంది,” అన్నాడు బాబాయి.

గదికంటే చల్లగా ఎలా అవుతుంది? బట్టీ ప్లగ్గు పీకి నేలమీద పడేసి ఉంది. మరి లోపల ఈ వేడి ఎక్కడిది? బట్టీ ఇనుప తలుపు మీద చెయ్యి వేశాను. జ్వరమొచ్చిన ఒళ్లులా కాలుతోంది.

“నాన్నా, బయటికి రా!”

ఇటుక గీకుతున్న చప్పుడు ఆగిపోయింది. లోపలినుంచి నాన్న గొంతు వచ్చింది.

“ఇక్కడ చల్లగానే ఉంది. నువ్వూ రా.”

మీటరు తొమ్మిదికి దిగింది.

“విన్నావుగా, ఇక నస ఆపు,” అంటూ బాబాయి నన్ను బయటికి నెట్టి, షెడ్డు తలుపు నా మొహం మీదే వేశాడు.