గుమ్మం దాకా బేరం

“ఏడొందలా? ఈ చీరకి ఏడొందలంటే తాడితోట బజారు మొత్తం నవ్వుతుందయ్యా జీవరాజూ! నాలుగొందల యాభై. ఆపైన ఒక్క రూపాయి ఇవ్వను,” అంది జ్ఞానమ్మ.

అంత చల్లటి ఏసీ షోరూములోనూ సాల్మన్‌కి చెమట పట్టింది. తల్లి వెనక నిలబడి, కౌంటరు అవతలున్న మేనేజరు జీవరాజు వైపు బతిమాలుతున్నట్టు చూశాడు. పక్కనే సాల్మన్ భార్య తబిత, అత్తగారి గొంతుకి నలుగురూ ఇటే చూస్తున్నారని కొంగు సర్దుకుంటోంది.

“క్రిస్మస్ డిస్కౌంటు పోగా ఏడొందలండి అమ్మగారూ. ఇక్కడన్నీ ఫిక్స్‌డ్ రేట్లండి.”

“ఎవరు ఫిక్స్ చేశారు? నన్నడిగారా?”

రాజమండ్రిలో బట్టలు కొనాలంటే ఒకప్పుడు వాళ్ళ చర్చి ఆడవాళ్ళంతా జ్ఞానమ్మని ముందు పెట్టుకుని వెళ్ళేవారు. తాడితోట కొట్లలో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుందంటే కొట్టువాడికి మూడు చెరువుల నీళ్ళు తాగించేది. ఆవిడ పద్ధతి ఒకటే. చివరి మాట చెప్పేసి, లేచి, గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టేది. రెండో చెప్పు తొడిగేలోగా “రండమ్మగారూ, తీసుకెళ్ళండి!” అని లోపల్నించి కేక వచ్చేది. ఆ రోజుల్లో జీవరాజు అక్కడే గుమాస్తా. ఆ కేకల్లో సగం అతనివే.

పోయిన ఆషాఢంలో ఈ షోరూము కొత్తగా తెరిచి, సగం ధరకే చీరలని బోర్డు పెట్టారు. కోడల్ని వెంటబెట్టుకుని వచ్చిన జ్ఞానమ్మ ఎప్పటిలాగే బేరమాడింది. “కంప్యూటర్ ఒప్పుకోదండి,” అంది కౌంటరులో పిల్ల. ఎప్పటిలాగే జ్ఞానమ్మ లేచి వెళ్ళిపోయింది. అద్దాల తలుపు ఆవిడ వెనకే మూసుకుంది. ఎవరూ పిలవలేదు. కాసేపటికి తబిత బయటికొచ్చి చూస్తే, అత్తగారు ఎండలో స్కూటర్ల మధ్య నిలబడి తలుపు వైపే చూస్తోంది.

“పిలిచారా?” అని అడిగిందట.

ఆ తర్వాత ఆవిడ బజారు మొహం చూడలేదు. చర్చి ఆడవాళ్ళు రమ్మంటే మోకాళ్ళ నొప్పులంది. ఒకరోజు ఇంటి ముందుకొచ్చిన బండివాడి దగ్గర వంకాయలు వాడు చెప్పిన ధరకే తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది సాల్మన్ కళ్ళారా చూశాడు. అమ్మేంటి, బేరమాడకుండా వంకాయలు కొనడమేంటి!

అందుకే జీవరాజు పోయిన నెల ఈ షోరూముకి మేనేజరుగా వచ్చాడని తెలియగానే సాల్మన్‌కి ప్రాణం లేచొచ్చింది. పండక్కి తబితకి చీర కొనిపెట్టమని తల్లి వెంటపడ్డాడు. వారం నుంచీ ససేమిరా అంటున్న మనిషి, నిన్న రాత్రి అన్నాల దగ్గర “సరేలేరా, రేపు వెళదాం,” అంది. ఇవాళ సాల్మన్ ధవళేశ్వరం ఆఫీసు నుంచి పెందరాళే బయల్దేరి, ఇంటికి వెళ్ళే ముందు ఇక్కడ ఆగి, జీవరాజు చేతిలో ఒక కవరు పెట్టాడు.

“మా అమ్మ ఎంతకడిగితే అంతకే ఇచ్చెయ్యండి. తేడా ఇందులోంచి తీసుకోండి. కాకపోతే, ఆవిణ్ణి గుమ్మం దాకా వెళ్ళనిచ్చి అప్పుడు పిలవాలి.”

“అది కాదండి సాల్మన్ గారూ, అసలు...”

“కాదనకండి. మీకు దణ్ణం పెడతాను,” అని, ఇంక వినకుండా వచ్చేశాడు.

కొట్టులో చీరలన్నీ కిందకి దింపించి గానీ ఒకటి ఎంచని జ్ఞానమ్మ, ఇవాళ వచ్చీ రాగానే ఈ నెమలికంఠం రంగు చీర మీద చెయ్యేసింది. ఇక పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అంచు పలచనంది, జరీ నల్లబడుతుందంది, ఒక్క ఉతుక్కి వెలిసిపోతుందంది.

“ఆఖరి మాట. ఇస్తావా, ఇవ్వవా?”

“రాదండి అమ్మగారూ.”

“అయితే నీ చీర నువ్వే దాచుకో. పదండర్రా!”

జ్ఞానమ్మ లేచింది. సాల్మన్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. వాచ్‌మన్ అద్దాల తలుపు తీశాడు. జీవరాజు చీర మడతపెడుతూనే ఉన్నాడు. ఈ మనిషి మర్చిపోయాడా? తల్లి ఒక కాలు బయట పెట్టేసింది.

“అమ్మగారండీ! రండి, తీసుకెళ్ళండి!”

ఆ కేక షోరూమంతా వినబడింది. జ్ఞానమ్మ వెంటనే తిరగలేదు. క్షణం ఆగి, తీరిగ్గా వెనక్కి తిరిగింది. మొహం మతాబాలా వెలిగిపోతోంది.

“చూశావా తబితా? పిలుస్తారు. పిలవక ఎక్కడికి పోతారు?”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కౌంటరు మీద పడ్డారు. మాకూ ఆ రేటుకే కావాలని ఒకటే గొడవ. “ఆవిడది పాతికేళ్ళ పరిచయమండి, అందరికీ కుదరదండి,” అని జీవరాజు చేతులు జోడించాడు. ఇంతలో వాళ్ళ చర్చికొచ్చే ఒకావిడ పరుగున వచ్చి జ్ఞానమ్మ చెయ్యి పట్టుకుంది.

“పిన్నిగారూ, మీ మోకాళ్ళు తగ్గాయా? సోమవారం మాతో బజారుకి రండి!”

“వస్తాను గానీ, తాడితోటకే వెళదామమ్మా. ఇక్కడేముంది!”

“నాకూ నేర్పండి అత్తయ్యగారూ,” అంది తబిత. ఆ మాటలో వెక్కిరింపు లేదు.

“దీనికి గుండె ధైర్యం కావాలమ్మా,” అంటూ కోడలి భుజం మీద చెయ్యేసి బయటికి నడిచింది జ్ఞానమ్మ. మరుక్షణమే ఆటోవాడితో బేరం మొదలైంది. ఆ గొంతు వింటుంటే సాల్మన్‌కి కళ్ళు చెమర్చాయి. ఎన్నాళ్ళయింది అమ్మ ఇలా అరిచి!

అతను వెనక్కి వెళ్ళి జీవరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. “మీ మేలు మర్చిపోలేనండి.”

జీవరాజు సొరుగు లాగి కవరు తీసి అతని జేబులో పెట్టాడు. అంటించింది అంటించినట్టే ఉంది.

“అదేంటండి? తేడా తీసుకోలేదేం?”

“ఒక్క చీరకి రెండుసార్లు ఎలా తీసుకుంటానండి?” అన్నాడు జీవరాజు, గొంతు తగ్గించి. “నిన్న మీ అమ్మగారే ఆ తేడా కట్టేసి వెళ్ళారండి.”