శుక్రవారం బిందె

కామేశం మాస్టారి భార్య హైమవతి డెంగీతో పోయిన రోజున, ఏ దోమ ఎక్కడ పుడుతోందో వీధిలో ఎవరికీ తెలియదు. ఆ తరువాతే ప్రతి గుమ్మానికీ చెవిపెట్టె వచ్చింది. అది రెక్కల చప్పుడు వింటుంది. జ్వరం మోసే దోమయితే ఎర్రగా వెలుగుతుంది. వానలు మొదలయ్యాక మాస్టారి పెట్టె ఎర్రబడింది.

పక్కింటి మహబూబ్‌బీ గోడ మీంచి కేకేసింది. "మాస్టారూ, మా కోడలికి నెలలు నిండాయి. మీ ఇంట్లో ఎక్కడో నీళ్లు నిలవున్నాయి, చూడండి బాబూ!"

పెరట్లో ఇత్తడి బిందె ఉంది. శుక్రవారం బిందె ఖాళీగా ఉండకూడదని భార్య చివరిసారి నింపినది. నీళ్లు తగ్గినప్పుడల్లా ఆయన పైన పోస్తూ వచ్చారు, అడుగున ఆమె పోసినవి కొన్నైనా ఉంటాయని.

"అక్కగారు శుక్రవారం నింపేది, శనివారం బోర్లించేది. పంతులై ఉండి మీరు సగం పాఠమే నేర్చారు!" అంది మహబూబ్‌బీ, మెత్తగా.

ఆయన బిందెను రెండు చేతులా పట్టుకుని వంచేశారు. తడినేల మీద దోమపిల్లలు కొట్టుకుని ఆగిపోయాయి. వీధివాళ్లు వచ్చి పొగ వేశారు. పెట్టె పచ్చబడిన మర్నాడే పక్కింట్లో ఆడపిల్ల పుట్టింది.

ఎవరికీ జ్వరం రాకముందే చెప్పినందుకు ఆయన పెట్టెకూ, పొరుగింటికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నారు. బిందెను మళ్లీ నింపడం మాత్రం ఇంకా ఆయన వల్ల కాలేదు.