నెత్తురు కారే చోటు

రెండోసారి కూడా తెర మీద ఏమీ కనపడలేదు.

డాక్టర్ రఘుపతికి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా సూరత్‌లో సర్జను. పాండేసర మిల్లు కూలీల పొట్టలు ఎన్ని కోసి కుట్టాడో లెక్కలేదు. ఐదు రోజుల కిందటి ఆపరేషన్ మాత్రం శిష్యుడు దినేశ్ చేతిలో పెట్టాడు. కంతి ఉన్న సగం కడుపు తీసెయ్యాలి. దినేశ్ అనుభవం చాలదని అందరూ వద్దన్నారు. రఘుపతి వినలేదు.

ఈ పొద్దున నెత్తుటి వాంతి. ఎండోస్కోపీలో గడ్డకట్టిన నెత్తురు తప్ప ఏమీ కనిపించలేదు. అందుకే యాంజియోగ్రామ్. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పొట్టదాకా పంపి, రంగుమందు వదిలి, అది ఎక్కడ బయటికి చిమ్ముతుందో చూడాలి.

నెత్తురు ఆగి ఆగి కారుతోందని, సరిగ్గా చూసే సమయానికే ఆగిపోతోందని అంది గొట్టం నడుపుతున్న డాక్టర్ కరుణ.

బీపీ తొంభైకి పడిపోయింది.

"మళ్లీ పొట్ట తెరుద్దాం సర్. ఇంకో రాస్తా లేదు," అన్నాడు దినేశ్.

"తెరిచి ఏడ వెతుకుతవ్? ముందుగాల జర పక్కకు జరుగు, తెర కనిపిస్తలేదు," రఘుపతి విసుక్కున్నాడు.

పెద్ద నాళంలో మందు వదిలితే లాభం లేదని, కడుపు కోసిన చోట ముడి వేసిన చిన్న నాళంలోకే నేరుగా వెళ్లమని కరుణకు చెప్పాడు. అంత సన్నని దాంట్లోకి గొట్టం ఎక్కడం లేదు. ఒకసారి జారింది. మళ్లీ జారింది. అది తన చేతిలో లేనందుకు రఘుపతి ఉడికిపోయాడు.

చివరికి ఎక్కింది.

"ఊపిరి బిగపట్టండి," అంది కరుణ. గదిలో అందరూ బిగపట్టారు.

నల్లటి కొమ్మలాంటి నాళం చివర పొగలా మరక లేచింది. దినేశ్ వేసిన ముడి దగ్గరే.

కరుణ సన్నని తీగచుట్టలు దింపి ఆ నాళాన్ని మూసేసింది. మళ్లీ మందు వదిలితే మరక లేదు. బీపీ మెల్లగా పైకి లేచింది.

దినేశ్ తల దించుకున్నాడు. ఇక జన్మలో కత్తి పట్టనన్నాడు.

"నా ముడి గూడ గిట్లనే రెండుసార్లు జారింది. ఎవ్వరికీ చెప్పలే, నీకు చెప్తున్న," అన్నాడు రఘుపతి. "రేపు పొద్దుగాల ఇంకో ఆపరేషన్ ఉంది నీకు. పోయి జర తిను."

కరుణ గొట్టాన్ని బయటికి లాగి, రఘుపతి తొడ మీద దూది పెట్టి గట్టిగా అదిమి, సాయంత్రందాకా కాలు కదపొద్దని ఆయనకు చెప్పింది.