జడ ఉన్న అమ్మ

దత్తత కాగితాలు తేలేసరికి రెండేళ్లు పట్టింది. అల్మాటి అనాథ శరణాలయంలో ఆ రెండేళ్లూ ఐగుల్‌ను పెంచింది తెర అమ్మే. ఈ రోజుల్లో దత్తతలన్నీ అంతే. తెనాలి నుంచి హైమవతి తన ముఖాన్నీ గొంతునూ ఇచ్చింది. వాటితోనే ఆ పలకంత తెర తనంత తానే పిల్లకు కజక్ భాషలో కథలు చెప్పింది, బతిమాలి తినిపించింది, జోకొట్టింది.

తీరా ఉత్తర్వు చేతికి రాగానే హైమవతి తిరుమల వెళ్లి మొక్కు తీర్చుకుంది. ఆ గుండుతోనే విమానమెక్కింది.

నాలుగేళ్ల ఐగుల్ ఆమెను ఎగాదిగా చూసి, తెరను గుండెలకు హత్తుకుంది.

"మా అమ్మకి జడుంది," అంది. హైమవతి చెవిలోని యంత్రం ఆ మాటను తెలుగులో వినిపించింది.

"నేనేనే తల్లీ! నీ కోసమే ఇచ్చేశానే ఆ జుట్టు!"

పిల్ల శరణాలయం ఆయా వెనక నక్కింది. ఆయా తెరచేత కూడా చెప్పించి చూసింది: "ఆవిడే నేను, బంగారం."

"నువ్వు ఇక్కడున్నావుగా!" అని నవ్వింది ఐగుల్.

"మీరు సంతకం పెట్టగానే తెర ఆగిపోతుందమ్మా, అది నిబంధన," అంది ఆయా. "ఈలోపే ఇంకోలా చెప్పిద్దామా?"

హైమవతి తలూపింది. అంతకంటే ఏం చేయగలదు?

తెరలోని హైమవతి జడ ముందుకు వేసుకుని నవ్వింది. "ఈ ఆంటీతో వెళ్లమ్మా. నేను వెనకాలే వస్తాను."

ఐగుల్ బుద్ధిగా వచ్చి హైమవతి ఎడమచేతి వేలు పట్టుకుంది. కుడిచేత్తో హైమవతి సంతకం పెట్టింది.

విమానం తలుపు మూస్తుంటే పిల్ల ఒక్క ఉదుటున లేచింది.

"మూయకండి! అమ్మ ఇంకా ఎక్కలేదు!"