పదో రేణువు

"అమ్మాయ్, నీ చెయ్యి వణుకుతోంది."

పరిశోధకురాలు తలెత్తి చూసింది. ల్యాబు గుమ్మంలో ఓ ముసలావిడ. అరిగిన చెప్పులు, భుజాన గుడ్డ సంచీ.

"ఎవరండీ మీరు?"

"రమ్మని రాశారు కదమ్మా, అందుకని..."

"ఊడ్చే పనికేగా? ఇంటర్వ్యూలు కింద ఆఫీసులో."

ఆవిడ కదల్లేదు. గాజుకత్తి ముందు బిగించిన, గట్టిపడ్డ రెసిన్ జిగురు దిమ్మెనే చూస్తోంది.

గోరంత కూడా లేని ఆ దిమ్మెలో కోట్ల ఏళ్ల నాటి పుప్పొడి రేణువు ఒకటుంది. దాని గోడని పొరలు పొరలుగా కోసి చూడాలి. గోడ లోపల వరసగా స్తంభాలు కనిపిస్తే అది పూల మొక్కదే. ఆరేళ్ల పని నిలబడుతుంది.

కనిపించకపోయినా ఏడ్చి ఊరుకునేది. ఏదీ తేలకుండా పోతుందనే ఆమె బెంగ. తొమ్మిది రేణువులు ఆమె చేతిలోనే చితికిపోయాయి. ఇదే ఆఖరిది. నాలుగింటికల్లా ఫొటో తియ్యాలి. ఆ ఫొటో తీసే పెద్ద మైక్రోస్కోపుని రేపు విప్పి పట్టుకుపోతున్నారు.

"కత్తి మీంచి ముక్కల్ని కనురెప్ప వెంట్రుకతో తీసే చెయ్యి ఒకటుంది. అడిగి చూడు" అని గురువుగారు ఎప్పుడో అడ్రసు ఇచ్చారు. మూడు ఉత్తరాలు రాసింది. ఆ మహానుభావుడు ఉలకలేదు, పలకలేదు.

"పొద్దుట్నుంచీ ఏమన్నా తిన్నావా తల్లీ?"

"నా తిండి సంగతి మీకెందుకండీ?"

"ఖాళీ కడుపుతో చెయ్యి నిలవదు. నువ్వు కాస్త లే, నేను..."

"ఇప్పుడు నన్ను లేపి ఇక్కడ ఊడుస్తారా? మీకు దణ్ణం పెడతాను, వెళ్లండి."

తలుపు వేసేసింది.

మొదటి ముక్క కత్తి అంచుకి అతుక్కుపోయింది. విడదీయబోయింది. చెయ్యి వణికింది.

దిమ్మె మీద గీత పడింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. రేణువు ఉండాల్సిన చోట చిన్న గుంట.

ఏడుపు కూడా రాలేదు. అలాగే కూర్చుండిపోయింది.

మూడున్నరకి అటెండరు తలుపు తట్టాడు.

"మేడమ్, ఆ మామ్మగారు ఇంతసేపూ బెంచీ మీదే కూర్చున్నారండి. అమ్మాయి పిలుస్తుందేమో అని. బస్సు పోతుందని ఇప్పుడే వెళ్లారు. ఇది మీకిమ్మన్నారు."

కాగితం పొట్లం. నీరసంగా విప్పింది.

లోపల ఓ అరటిపండు, కొసన ఒకే ఒక్క కనురెప్ప వెంట్రుక అంటించిన సన్నటి పుల్ల, వాటి కింద మడతలు నలిగిన తన మూడు ఉత్తరాలు.