జ్యూరీకి పనికిరాని మనిషి

"ఈవిడ జ్యూరీలో ఉండటానికి వీల్లేదు, జడ్జిగారూ!" రోవెనా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "ఈవిడ ఇంటి ముందు పచ్చికలో, చచ్చిపోయిన హోలిస్ ఎన్నికల బోర్డు ఇంకా పాతే ఉంది. ఫోటో తీయించాను."

జ్యూరీ ఎంపికకి పిలిపించినవాళ్ళలో, ఛాతీ మీద ముప్పై ఒకటో నంబరు చీటీ అంటించుకుని కూర్చున్న ఐడా మేకి డెబ్బై దాటాయి. "అది మా మేనల్లుడు పాతాడమ్మాయ్. దాని చుట్టూ గడ్డి కోసుకోలేక నేను చస్తున్నా. నీకంత కంటగింపుగా ఉంటే వచ్చి పీక్కుపో."

కోర్టంతా గొల్లుమంది. రోవెనా నవ్వలేదు. ఎలా నవ్వుతుంది మరి? పోలింగు వారం ఉందనగా, పొద్దుగూకే వేళ సభలోంచి బయటికొస్తున్న హోలిస్‌ని ఎవరో కాల్చేశారు. అంతకు ముందురోజే నడిబజార్లో ఆయనతో కొట్లాడాడని ఎదుటి పార్టీ డెల్మర్‌ని పట్టుకొచ్చారు. ఆ సాయంత్రమంతా ఏటి ఒడ్డున ఒక్కణ్ణే చేపలు పట్టుకుంటూ ఉన్నానంటాడు వాడు. చూసినవాళ్ళు లేరు. నేరం రుజువైతే మరణశిక్షే. వాడి తరఫున వాదించే లాయరు రోవెనా ఒక్కతే.

సర్కారు లాయరు తాపీగా లేచాడు. "బోర్డుంటే పక్షపాతమేనా? అలాగైతే ఈ ఊళ్ళో సగంమంది పనికిరారు. మిగతా సగం ఇళ్ళముందు వీళ్ళ పార్టీ బోర్డులున్నాయి, వాళ్ళూ పనికిరారు. కుర్చీలతో తీర్పు చెప్పిద్దామా?"

జడ్జి ఐడా మే వైపు తిరిగాడు. "కేసు గురించి పేపర్లో చదివారా అమ్మా?"

"పేపరు తెప్పించనయ్యా. టీవీ మా ఆయన పోయినప్పుడే అమ్మేశా. ఎవర్ని పట్టుకున్నారో ఇవాళ ఇక్కడికొచ్చి చూసేదాకా నాకు తెలీదు."

"మరి పొద్దుట్నించీ మా వాణ్ణి ఎందుకలా గుడ్లురిమి చూస్తున్నారు?" రోవెనా దగ్గరికొచ్చి నిలబడింది.

"వీణ్ణి చూస్తే ఒళ్ళు మండుతోంది తల్లీ! వీడు చేసిన పని నేను..."

"ఆపండి!" రోవెనా చెయ్యి అడ్డంపెట్టింది. "జడ్జిగారూ, ఆవిడ నోరు మూయించండి! మిగతావాళ్ళు వింటున్నారు!"

"అమ్మా, కేసు గురించి ఇంకొక్క మాటన్నా జరిమానా వేస్తాను" అన్నాడు జడ్జి. ఐడా మే పళ్ళు బిగించి కూర్చుంది.

"విన్నారుగా, ఇంకా ఏం కావాలి? తీసేయండి" అంది రోవెనా.

"ఏం విన్నాను? ఆవిణ్ణి మాట్లాడనిస్తేగా మీరు? ఇక పక్షపాతం ఉందని ఏమని రాసుకోను? కుదరదు."

రోవెనా చేతిలో కారణం చెప్పకుండా ఒకర్ని తీసేసే హక్కు ఇంకొక్కటే మిగిలింది. ముప్పై నాలుగో నంబరువాడు హోలిస్‌తో కలిసి చదువుకున్నవాడు, వాడికోసం దాచుకుంది. వాడు నవ్వుతూ కూర్చున్నాడు. ఈ ముసలమ్మ చూపు మాత్రం డెల్మర్‌ని నమిలేస్తోంది.

"నా చివరి హక్కు ముప్పై ఒకటి మీద వాడుతున్నాను" అంది రోవెనా.

"మీరిక వెళ్ళొచ్చమ్మా. ఇప్పుడు ఎవరితో ఏం మాట్లాడుకున్నా మీ ఇష్టం" అన్నాడు జడ్జి.

విరామంలో రోవెనా బయటికొచ్చేసరికి వరండాలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కాచుకునుంది ఐడా మే. రోవెనా తలొంచుకుని దాటబోయింది.

"ఆగు. ఇప్పుడైనా నన్ను నోరు విప్పనిస్తావా?"

"తిట్టుకోండి" అంది రోవెనా నీరసంగా.

"నిన్నెందుకు తిట్టడం? దొంగ మీ వాడు! ఆవేళ నన్నడక్కుండా మా ఏటిగట్టుమీద పొద్దుగూకేదాకా తిష్టవేసి మా జెల్లచేపలన్నీ పట్టేశాడు. 'హోలిస్‌ని ఇప్పుడే కాల్చేశారత్తా' అని మా మేనల్లుడు ఫోన్లో ఏడుస్తుంటే కిటికీలోంచి నేను చూస్తున్నది వీణ్ణే!"